ఆరబెట్టిన ఇంజను

నీళ్ళు తగిలిన వస్తువు ఏదైనా సరే, దాన్ని విప్పి ఆరబెడితే తప్ప మైపాడు ఓబయ్యకు అన్నం సయించేది కాదు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అతను చేసిన పని అదే మరి. తెప్ప అంటే నాలుగు దుంగలు, వాటిని కట్టిన తాళ్ళు. చేపల వేట ముగించి ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పి దుంగలను ఎండలో వేయాలి, లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయి. ఆ లాగడంలో, విప్పడంలో చెయ్యి వేసిన ప్రతివాడికీ ఒక చేప ఇవ్వడం ఆ ఊరి మర్యాద. "నీళ్ళు తగిలింది విప్పు, విప్పింది ఆరబెట్టు, ఆరింది కట్టు" అని ఓబయ్యకు చిన్నప్పుడు తాత చెప్పాడు. తాత చెప్పింది తెప్పల గురించి. మనవడు దాన్ని లోకం మొత్తానికీ అన్వయించుకున్నాడు.

కోవూరునుంచి బియ్యం అమ్మడానికి వచ్చే పద్మనాభయ్య ఒకసారి వానలో తడిసి, ఓబయ్య ఇంటి పంచలో సైకిలు ఆనించి, టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగివచ్చేసరికి సైకిలు లేదు.

"నా సైకిలేదయ్యా?"

"అదిగో, ఆరతా ఉండాది."

గోనెపట్టా మీద చక్రాలు, గొలుసు, మరలు, గుండ్లు వరసగా పడుకుని ఉన్నాయి.

"సీటు గూడా విప్పినావా?"

"నీళ్ళు దాక్కునేది దాని కిందనే గదా."

సాయంత్రానికల్లా బిగించి ఇచ్చాడు. ఆ తరవాత కూడా ఆ సైకిలు బాగానే నడిచింది. కాకపోతే బ్రేకు పట్టినప్పుడల్లా గంట మోగేది.

బడిలో చదువు చెప్పే రెబెక్కమ్మగారి కుట్టుమిషను మీద ఇంటి కప్పు కారిందని తెలిసి ఓబయ్య పిలవకుండానే వెళ్ళాడు. అప్పటినుంచీ ఆ మిషను ముందుకు తొక్కితే వెనక్కి కుట్టేది. "నాకు సహనం నేర్పేదానికే దేవుడు ఓబయ్యను పంపినాడు" అని ఆవిడ సరిపెట్టుకుంది. మిగతావాళ్ళకు అంత సహనం లేదు. మబ్బు పట్టిందంటే ఆడవాళ్ళు ముందు గోడ గడియారాలు దాచి, ఆ తరవాతే బట్టలు తీసేవారు.

ఇలాంటి మనిషి చేతికి పందొమ్మిది వందల అరవైల్లో ప్రభుత్వం వారు ఇంజను పడవ ఇచ్చారు. కాకినాడ పంపి పని కూడా నేర్పించారు. సముద్రంలోకి పోయి వచ్చే ఇంజను దొరికాక ఇక చెప్పాలా? వేట నుంచి రాగానే పడవను ఏరు సముద్రంలో కలిసే మొగలో కట్టి, ఇంజనును ముక్కలు ముక్కలుగా ఒడ్డుకు దించి చాపల మీద పరిచేవాడు. తుడవడానికి సాయం పిలిచేది మాత్రం ఏరికోరి పనికిరానివాళ్ళనే. చూపు ఆనని ముసలి వెంకయ్య, మొగుణ్ణి సముద్రం తీసుకుపోయిన అంకాలమ్మ, ఇంకా అలాంటివాళ్ళే ఓ నలుగురు. మనిషికొక గుడ్డ, మనిషికొక ముక్క. తుడిచి పెట్టినందుకు మనిషికొక చేప.

ఇదంతా ఓబయ్య భార్య కామమ్మకు కంట్లో కారం కొట్టినట్టుండేది. ఆమె రోజూ చేపల గంపతో బస్సెక్కి నెల్లూరు పోయి అమ్ముకొచ్చే మనిషి. గంప తేలికైతే ముందు తెలిసేది ఆమె నెత్తికే.

"నీళ్ళు పడవ కింద పోతాయి గానీ ఇంజన్లోకి పోతాయా మావా?"

"సముద్రం గాలి ఉండాది చూడు, అది నీళ్ళకంటే దొంగది."

"వెంకయ్య మామకి కళ్ళే కనపడవే. ఆయనేం తుడస్తాడు?"

"తుడిచేదానికి కళ్ళెందుకు మే? చేతులు చాలవా?"

ఈ మొగుడితో వాదించడం కంటే అలలకు అడ్డం నిలబడడం నయమని ఆమె గంపెత్తుకుని వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా జువ్వలదిన్నెలో ఓబయ్య చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. పొద్దువాలే వేళకు ముహూర్తం. మేనమామ గంపలో మోసుకొచ్చి పీటల మీద దించితేనే పెళ్ళికూతురు. ఆ పిల్లకు ఉన్న మేనమామ ఓబయ్య ఒక్కడే. "మావ ఇంజను పడవలో రావాల, మా ఊరంతా చూడాల" అని ఆ పిల్ల కబురు కూడా పంపింది.

ముందురోజే కామమ్మ గట్టిగా చెప్పింది.

"ఈ ఒక్క ప్రయాణానికి దాని జోలికి పోబాక."

"పోనులే."

"ఒట్టా?"

"ఒట్టే."

తెల్లవారి ఆమె కొత్తచీర కట్టుకుని, అరిసెల బుట్ట పట్టుకుని ఏటి మొగకు వచ్చింది. ఇంజను చాపల మీద ఉంది.

"ఒట్టేసినావే."

"నేను ఒట్టేసినాక మంచు పడింది మే. మంచు గూడా నీళ్ళే గదా."

కామమ్మ బుట్ట దించి, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. నోరు తెరిస్తే శుభమా అని పెళ్ళికి పోతూ అనరాని మాటలు వస్తాయని ఆమె భయం. వెంకయ్య అందరి ముక్కలూ తట్టలో పోగుచేసి తెచ్చాడు. ఓబయ్య ఒక్కొక్కటే తడిమి బిగించుకుంటూ వచ్చాడు. చివరి మర బిగించాక చూస్తే, డీజిలు పోయే వంకర గొట్టం ఉండాల్సిన చోట ఖాళీ కనిపించింది. ఓబయ్య మరమ్మతుల్లో ముక్కలు మిగలడం కొత్తేమీ కాదు గానీ, తక్కువ పడడం అదే మొదలు.

ఇసుక జల్లించారు. చాపలు దులిపారు. ఎందుకైనా మంచిదని అరిసెల బుట్ట కూడా తిరగేశారు.

"ఎవరి కాడుండాది మావా?"

"తెల్దు" అన్నాడు ఓబయ్య సముద్రం వైపు చూస్తూ.

అతను అబద్ధం ఆడేటప్పుడు సముద్రం వైపే చూస్తాడని కామమ్మకు పెళ్ళయిన నాటినుంచీ తెలుసు. కానీ ఒక గొట్టం కోసం అబద్ధమెందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఓబయ్య పోయి బొప్పాయి కాడ కోసుకొచ్చాడు. వంపు కూడా సరిగ్గా కుదిరిందని మురిసిపోతూ తగిలించి ఇంజను తిప్పాడు. కాడ టప్పున పగిలి, డీజిలంతా కామమ్మ కొత్తచీర మీద పడింది.

"మరకేం లేదులే, చీర రంగులో కలిసిపోయింది" అన్నాడు.

తరవాత సైకిలు పంపు గొట్టం తగిలించాడు. ఇంజను రెండుసార్లు దగ్గి దాన్ని ఏట్లోకి ఉమ్మేసింది. సరిగ్గా అప్పుడే ఊళ్ళోంచి, పొద్దుటికి ఉన్న ఒక్క నెల్లూరు బస్సూ హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇక పడవ తప్ప వేరే దారి లేదు. గంపలో కూర్చుని మేనమామ కోసం సముద్రం వైపు చూసే పిల్ల కళ్ళముందు మెదిలి కామమ్మకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఏంది లేంది?" అన్నాడు అప్పటిదాకా కునుకుతున్న వెంకయ్య. "వంకర గొట్టమా? అది అంకాలమ్మది గదా. నాది రెక్కల చక్రం."

"నువ్వు ఊరకుండు మామా" అన్నాడు ఓబయ్య.

కామమ్మ మొగుడి వైపు చూసింది. మొగుడు సముద్రం వైపు చూశాడు. ఆమె ఇంకేమీ అడగకుండా కొంగు బిగించి గుడిసెల వైపు నడిచింది.

అంకాలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. కామమ్మను చూడగానే లోపలికి పోయి, బియ్యం కుండలో చెయ్యి పెట్టి గుడ్డమూట తీసింది. అందులో గొట్టం తళతళలాడుతోంది.

"దొంగతనంగా దాయలా కామమ్మా. ఇది నా ముక్క."

"నీ ముక్కయితే కుండలో పెట్టుకుంటావా వదినా? ఆడ పెళ్ళి ఆగిపోతా ఉండాది."

"జువ్వలదిన్నెలో పడవ దిగతానే ఓబయ్య ఇంజను విప్పతాడు. ఆడ మాత్రం ముసలోళ్ళు లేరా? ఎవురో ఒకరు నా గొట్టం తుడస్తారు. చెయ్యేసినోళ్ళకి చేప గదా. రేపటినుంచి ఇది వాళ్ళదయిపోతే నేనేం తుడవాల?"

అంకాలమ్మ గొట్టాన్ని కొంగుతో తుడుస్తూ మళ్ళీ అంది.

"తెప్పలున్నప్పుడు నేనూ తాడు లాగేదాన్ని, చేప తెచ్చుకొనేదాన్ని. ఇంజన్లొచ్చినాక చెయ్యేసేదానికి తాడే లేకపాయె. అప్పుడు మీ ఆయనే వచ్చి, అక్కా, ఇంజను తడిసింది, ఒక చెయ్యెయ్యి అన్నాడు. నేనేం ఊరికే తినట్లేదు కామమ్మా. నా గొట్టం మీద ఒక్క మరక చూపించు."

ఇన్నాళ్ళూ తన గంప ఎందుకు తేలికవుతోందో కామమ్మకు తెలిసివచ్చింది. మొగుణ్ణి అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే అతనిమీద ముద్దు కూడా వచ్చింది.

"లే వదినా. మంచి చీర కట్టుకో."

"యాడికి?"

"జువ్వలదిన్నెకి. నీ గొట్టం నువ్వే తుడుచుకుందువు. ఇంకెవురన్నా చెయ్యేస్తే నేనుండాను గదా."

ఒక్క అంకాలమ్మను ఎక్కించుకుంటే మిగతా ముక్కలవాళ్ళు ఊరుకుంటారా? రెక్కల చక్రం తరఫున వెంకయ్య ఎక్కాడు. వెనకాలే తక్కినవాళ్ళూ ఎక్కారు. గొట్టం బిగించగానే ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మొగ దాటాక ఆ చప్పుడు చాటున కామమ్మ మొగుడి చెవి దగ్గర అడిగింది.

"ఇంజను ఆరబెట్టే పనిలేదని కాకినాడలో చెప్పలేదా?"

"మొదటి దినమే చెప్పినారు."

"మరి?"

"ఊరికే ఇస్తే అంకాలమ్మక్క తీసుకుంటాదా?"

చుట్టూ సముద్రమే ఉన్నా ఓబయ్య ఈసారి భార్య ముఖం వైపే చూశాడు.

"అయితే పద్మనాభయ్య సైకిలు గూడా అంతేనా?"

"అది ఆరబెట్టాల్సిందే."

"రెబెక్కమ్మగారి మిషను?"

"దాంట్లో ఇంకా తడుండాది. ఊరికి పోతానే మళ్ళా విప్పాల."

పొద్దు వాలుతుండగా చేరారు. ఓబయ్య చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తి గంప ఎత్తాడు. ముహూర్తం నిలబడింది. పెళ్ళికూతురి చీర మీద మేనమామ అయిదు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. అది కాకినాడనుంచి తెచ్చిన రంగు అని చెప్పి ఆ పిల్ల అందరికీ చూపించుకుంది.

మర్నాడు పొద్దున జువ్వలదిన్నె ఒడ్డున చాపలు పరిచారు. అంకాలమ్మ గొట్టం ఒళ్ళో పెట్టుకుని కాపలా కాస్తూ కూర్చుంది. వింత చూడడానికి జనం మూగారు. ఆ ఊరి ముసలమ్మ ఒకతె కర్ర ఆనించుకుని దూరంగానే నిలబడి, "ఏంది చేస్తుండారమ్మా?" అని అడిగింది.

కామమ్మ చేతిలో నూనెగుడ్డ ఉంది. ఆమె ఓబయ్య వైపు ఒకసారి చూసి, చాప మీదనుంచి ఇంకో మర తీసి ముసలమ్మ వైపు చాచింది.

"ఇంజను బాగా తడిసింది అవ్వా. మాకు చేతులు చాల్లా. నువ్వూ కూచోని ఒక చెయ్యెయ్యి. చేపలు లేవు గానీ, అరిసెలుండాయి."