యోచిన్ ఏరుకున్న కప్పు

షుయ్‌జీ ఊళ్ళో కప్పుల బట్టీ తెరిచిన రోజున యోచిన్ ఎదుట నిలబడాలంటే యజమానికే బెరుకు. ముక్కాలి పీట మీద కూర్చుని ఒక్కో నల్ల కప్పునూ ఎండకేసి తిప్పేది, అంచు చుట్టూ వేలు పోనిచ్చేది, గోటితో మీటి వినేది. పూతలో కుందేలు వెంట్రుకల్లాంటి సన్నచారలు చక్కగా దిగితే కుడివైపు బుట్టలోకి. లేదంటే సుత్తి. లోపమున్న కప్పు బట్టీ దాటకూడదు, మా పనివాళ్ళ ఇళ్ళకైనా సరే. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టుబాటును కాపాడింది ఆమే. మహా మొండి మనిషి.

ఆమె భర్త చాంగ్‌గెన్ కప్పుల్ని పూతలో ముంచేవాడు. ఎడమచేతి మధ్యవేలు వంకర. అతను పట్టి ముంచిన కప్పు అడుగున, పూత అంటని చిన్న నెలవంక మచ్చ పడేది.

“కట్టుకున్నవాణ్ణని కూడా చూడవా? ఒక్కటి దాచవే, ఇంట్లో తాగుదాం,” అనేవాడు సుత్తి దెబ్బ పడినప్పుడల్లా.

“మొగుడివైతే? కారిన పూత మళ్ళీ పైకెక్కుతుందా?” అనేది.

మంచివన్నీ అమ్ముడుపోయేవి. ఇంట్లో ఇద్దరూ గాజు గ్లాసుల్లోనే టీ తాగారు. మొన్న చలికాలంలో అతను పోయాడు. ఇల్లంతా వెతికినా అతని చేయి పడ్డ కప్పు ఒక్కటీ లేదని అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు. ఎంత బెంగ పెట్టుకుందంటే, సంతలో ఎవరి చేతిలో నల్ల కప్పు కనిపించినా అడిగి తీసుకుని, తిరగేసి చూసేది.

చూపు ఆనడం లేదని ఈ వసంతంలో పని మానేస్తానంది. ఆఖరి బట్టీ రోజున యజమాని లాయ్, “నీకో కప్పు ఏరుకో వదినా. మేలైనదే తీసుకో,” అన్నాడు. ఆమె తలూపి పనిలో పడింది. సగం పైగా అయ్యాక అతనే మళ్ళీ వచ్చాడు.

“అన్నట్టు, చాంగ్‌గెన్ అన్న ముంచిపెట్టిపోయిన ఐదు కప్పులూ ఇందులోనే కాల్చాం. చెప్పడం మరిచా.”

యోచిన్ సుత్తి పక్కన పడేసింది. “నీ మతిమరుపు మండ! ఇప్పుడా చెప్పేది?”

కాళ్ళ దగ్గరి పెంకుల్ని రెండు చేతులా కెలికింది. నెలవంక మచ్చ ఉన్న అడుగులు నాలుగు దొరికాయి. ఆనని కళ్ళతో, అలవాటుపడ్డ చేత్తో, తానే కొట్టేసింది.

“ఒక్కటి దాచమని నెత్తీనోరూ కొట్టుకున్నాడు, విన్నానా?” అని బావురుమంది. అయ్యో, ఆ ముఖం చూడలేకపోయాం.

ఐదోది చివరి వరుసలో ఉంది. పూత అడుగుదాకా కారి, ఒక పక్క బొడిపె కట్టింది. గోటితో మీటితే బొంగురుగా పలికింది. ఆమె పద్ధతి ప్రకారం పగలగొట్టాల్సిందే. సుత్తి అందుకుంది కూడా. ఆ సుత్తిని తీసుకెళ్ళి లాయ్ చేతిలో పెట్టింది.

“ఇదే నా కప్పు. కాదన్నావో, ఊరుకోను.”

“అంత మంచివి ఉండగా అదా వదినా? కింద పెడితే ఒరిగిపోద్ది. టీ అంతా ఒలికిపోద్ది.”

ఆమె అందులో వేడి టీ పోయించుకుని, రెండు చేతుల్లో పొదివి పట్టుకుంది.

“కింద పెడితే కదా,” అంది.