కుట్టును పండబెట్టిన అవ్వ

మా గోడవతలి అవ్వ పోయింది. పొద్దున కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంటే ఆమె కోడలు వచ్చి, "అక్కా, అవ్వ పోయింది. నిద్రల పోయింది" అంది. బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఇద్దరిలో ఎవరమూ కుళాయి కట్టలేదు. నాకు ఏడుపు వచ్చింది. నిద్రలో పోయిందన్న మాటకు కొంచెం ఊరట కూడా కలిగింది. ఆ ఊరట ఎందుకో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

మాది కన్నడ నేల మీద, సింధనూరు పక్కన గోరేబాళ దగ్గర, కాలువ కింద వరి పొలాలు. నేను కోస్తా నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. అవ్వది దేవసూగూరు వైపు. ఎప్పుడో నాట్లకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొలం పని లేనప్పుడు బొంతలు కుట్టేది. ఇక్కడి కన్నడం వాళ్లు వాటినే కౌది అంటారు.

బొంతలు చాలామంది కుడతారు. అవ్వకు అసలు పని కుట్టు వేశాక మొదలయ్యేది. రెండు ముక్కలు కలిపిన చోట కుట్టు పొలం గట్టులా లేస్తుంది కదా. గుడ్డను పీట మీద తిరగేసి, వేలితో నీళ్లు అద్ది, అంచులను అటూ ఇటూ విప్పి, అరచేతంత చింతచెక్కతో ఒత్తుకుంటూ పోయేది. ఆ పైన గుండ్రటి కర్ర దొర్లించేది. మా ఇస్త్రీ పెట్టె వాడుకోమంటే ఒప్పుకోలేదు. "ఇస్త్రీకి గుస్సా జాస్తి బిడ్డా. నైలాన్ చీరను ఒక్క దమ్ముల మింగుతది" అనేది. ఆ చెక్కను మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. కూతురు అడిగినా, "నా నోట్ల పల్లు అడుగు, ఇస్త" అని తిట్టేది.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు కుట్టు నేర్పింది. అతికిన గుడ్డ చేతిలో పెట్టి, "కుట్టు పండినంక తెచ్చియ్యి" అని పొలానికి వెళ్లిపోయింది. మా వైపు పండేది మామిడికాయ, పంట. సరే, ఎండ తగిలితే దారం గట్టిపడుతుంది కాబోలనుకుని మేడ మీద వడియాల పక్కన ఆరబెట్టాను. సాయంత్రం వచ్చి చూసి అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏందే ఇది?"

"మీరే కదా పండాలన్నారు!"

"అయ్యో, కోస్తా నుంచి వచ్చినవ్, తెలుగు రాదా నీకు? పండుడంటే పండుకునుడు! కుట్టు ఒరగాలె, నిద్రవోవాలె. కుట్టు పండకుంటే మనిషి ఎట్ల పండుతడు?"

తెలుగు నాకే బాగా వచ్చనుకునేదాన్ని. ఆ వారమంతా వీధిలో ఎదురైన వాళ్లల్లా, "కుట్లు మాగినయా?" అని అడిగారు. ఊరంతా చెప్పి నవ్వించింది అవ్వే.

పోయిన వానాకాలం జారిపడి తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. మంచాన పడింది. ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి మంచం మీద ఉన్నవి యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా, దాని మీద ఒక చిరుగు దుప్పటి. పట్టా కుట్లు ఒరుసుకుని వీపు పచ్చి పుండయింది. కొడుకు సింధనూరు నుంచి స్పాంజి పరుపు తెచ్చాడు. అది వేడెక్కి పుండ్లు ఎక్కువయ్యాయి. పడుకోలేదు, కూర్చోలేదు. ఆ మూలుగు మా వంటింట్లోకి వినపడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు నావి కొన్ని, మా అమ్మవి కొన్ని తీసుకుని ఆమె మంచం పక్కనే కూర్చున్నాను. అవ్వ వాటిని చూసి, "చెక్క పెట్టెల ఉంది. తీస్కో" అంది. ఇక లేవనని ఆమెకు తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది.

నేను ఒత్తుతుంటే కళ్లు మూసుకునే వినేది. "టక్కుమన్నది. ఇంకా పండలే."

"మీకెట్లా తెలుస్తుంది అవ్వా?"

"మేల్కొని ఉన్న కుట్టు చెక్కకు తట్టుకుంటది. మల్ల ఒత్తు. జల్దేం లేదు, నేనేడికి పోత?"

ఆమె వినలేనంత మెత్తగా చెక్క జారేదాకా ఒత్తాను. చేతులు బొబ్బలెక్కాయి. పొరలు వేసి కుట్టడం కోడలు, నేను కలిసి ముగించాం.

ఒక మధ్యాహ్నం ఇద్దరం అవ్వను మెల్లగా ఎత్తి బొంతను ఆమె కిందికి జరిపాం. అవ్వ అరచేతితో అటూ ఇటూ తడిమింది. "ఏడ అతికిచ్చినవే? దొర్కుతలే" అంది. అన్నం కలుపుకొస్తానని కోడలు లోపలికి వెళ్లింది, నేను ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాను. గోడవతలి నుంచి మూలుగు రాలేదు. భయమేసి పరుగున వెళ్లాను. కోడలు గడపలో అన్నం పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది. లోపల అవ్వ నోరు తెరుచుకుని, హాయిగా గురక పెడుతోంది.