తాళంచెయ్యి ఎవరి దగ్గరుంటది

ఇది వికారాబాదులో జరిగిందా, తాండూరులో జరిగిందా అని అడగొద్దు. నేను చెప్పకపోతే వికారాబాదు వాళ్ళు ఇది తాండూరు సంగతే అనుకుంటారు, తాండూరు వాళ్ళు వికారాబాదు సంగతే అనుకుంటారు. రెండు ఊళ్ళూ తృప్తిగా ఉంటాయి.

అప్పట్లో నేను మున్సిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో పనిచేసేదాన్ని. డిగ్రీ అయిపోయాక ఖాళీగా ఉండడం ఎందుకని చేరాను. చేరాక తెలిసింది, ఊళ్ళో ఖాళీగా ఉన్నవాళ్ళందరూ వచ్చేది అక్కడికేనని. జిరాక్సుల కన్నా అర్జీలకే గిరాకీ ఎక్కువ. అందుకని "మా బస్తీ వాసులు తీవ్ర ఇబ్బందులకు గురవుతున్నారు" అనే వాక్యాన్ని కంప్యూటర్లో దాచిపెట్టుకున్నాను. పైన సంఘం పేరు, కింద అడిగే వస్తువు మార్చితే సరిపోయేది. మురుగు పోయే మోరీ కావాలన్నా, మైకుసెట్టు కావాలన్నా ఇబ్బంది మాత్రం తీవ్రమైనదే. మామూలు ఇబ్బందితో ఆ ఆఫీసు మెట్లెక్కిన మనిషిని నేను చూడలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో చైర్‌పర్సన్ మేడమ్, మున్సిపాలిటీ నిధుల్లోంచి సంఘాలకు కొంత ఇస్తామని, ఎవరికేం కావాలో రాసివ్వమని ప్రకటించారు. వారం రోజులు నాకు టీ తాగే తీరిక లేదు. ఉన్న సంఘాలు వచ్చాయి, మూతపడ్డ సంఘాలు లేచొచ్చాయి, కొన్నయితే మా షాపులోనే పుట్టాయి. ఒకదానికి పేరు కూడా నేనే పెట్టాను.

ఆ వరుసలో చివరగా వచ్చింది మా అమ్మ.

అమ్మది కూలిపని. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని చౌరస్తాలో కూలీల అడ్డా మీద నిలబడుతుంది. కోట్‌పల్లి వైపు నుంచో, బంట్వారం వైపు నుంచో రైతు ట్రాలీ ఆటో పంపిస్తే ఆడవాళ్ళంతా ఎక్కి కంది చేలకో పత్తి చేలకో పోతారు. ఆటో వచ్చేదాకా నిలబడడమే పని. వానాకాలం వస్తే ఆ నిలబడడం ఇనుప సామాను దుకాణం రేకుల కింద. వీళ్ళు అక్కడ చేరగానే దుకాణం సేటు బకెట్టు తెచ్చి మెట్లు కడుగుతాడు. శుభ్రం కోసమట. వాన పడుతుండగా మెట్లు కడిగేంత శుభ్రం ఊళ్ళో ఆ ఒక్క దుకాణానికే ఉంది.

అంతకుముందు వానాకాలం అమ్మ పొద్దున్నే తడిసి, ఆ తడి చీరతోనే సాయంత్రం దాకా చేలో వంగి పనిచేసేది. పట్టుకున్న దగ్గు చలికాలం పోయినా పోలేదు. ఇంకో వానాకాలం ఇట్లాగే తడిస్తే పని మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. పని మానుకుంటే ఏం తినాలో ఆయన చీటీలో రాయలేదు. అందుకే అడ్డా ఆడవాళ్ళంతా ఒక సంఘమై, అమ్మను అధ్యక్షురాలిగా పెట్టుకొని, చౌరస్తాలో ఉన్న సర్కారు జాగాలో ఒక షెడ్డు అడగాలనుకున్నారు. పైన కప్పు, కింద కూర్చోవడానికి నాపరాతి బండలు. అంతే.

నేను అర్జీ రాసి చదివి వినిపించాను.

"గింతేనా? జిమ్ము పోరగాండ్లకు రెండు పేజీలు రాసినవంట," అంది అమ్మ.

"వాళ్ళు పేజీకింత అని పైసలిచ్చిన్రమ్మా."

"తల్లికి ఫుకట్ కద. అందుకే ఫుకట్ అర్జీ."

అందరూ సంతకాలు పెట్టారు. కర్ణాటక నుంచి కోడలుగా వచ్చిన ఒక చిన్నమ్మ కన్నడంలో పెట్టింది. ఆఫీసులో ఎవరికీ అది చదవడం రాలేదు కాబట్టి అన్నిటికన్నా దానికే ఎక్కువ మర్యాద దక్కింది.

ఇక్కడ మా ఊరి హాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మాకు కమ్యూనిటీ హాళ్ళకు కొదవ లేదు. కొదవల్లా వాటి తాళంచెవులకే. హాలు కట్టేదాకా సంఘమంతా ఒక్కటిగా ఉంటుంది. కట్టాక తాళంచెవి దగ్గర రెండవుతుంది. అది ఎవరి జేబులో ఉంటే వాడే అధ్యక్షుడు. ఒక హాలు తాళంచెవి అధ్యక్షుడితో పాటు హైదరాబాదులో కూతురింటికి పోయి అక్కడే స్థిరపడింది. ఇంకో హాలులో ఎవరివో కంది బస్తాలున్నాయి. మరోదాని తాళం ఎంత తుప్పు పట్టిందంటే, ఇప్పుడు తాళంచెవి దొరికినా దానికి గుర్తుండదు. పెళ్ళి వచ్చినా చావు వచ్చినా జనం హాలు ముందర టెంటు వేసుకొని, హాలు గోడకు ఆనుకొని కూర్చుంటారు. హాలు వల్ల లాభం లేదని కూడా అనలేం.

కౌన్సిలర్లలో ఒక పెద్దావిడ ఉండేది. అందరూ పెద్దమ్మ అనేవారు. గొర్లు కాసుకునే ఇంటి మనిషి, మీటింగుకు కూడా మందను తోలుకొస్తున్నట్టే వచ్చేది. ఆమె మనవరాలి పెళ్ళికి వాన పడితే, పెళ్ళికూతురితో సహా అందరూ హాలు మెట్ల మీద నిలబడి తాళంచెవి కోసం ఎదురుచూశారు. అది ఆ రోజు ఎవరి జేబులోనో తిరుపతి మొక్కుకు పోయింది. అప్పటినుంచి ఏ సంఘం ఏది అడిగినా పెద్దమ్మది ఒకటే ప్రశ్న.

చైర్‌పర్సన్ మేడమ్ ఈసారి ప్రతి సంఘం నుంచి ఇద్దరిని మీటింగుకు పిలిచారు. అమ్మతో రెండో మనిషిగా నేను వెళ్ళాను. గుమాస్తా ఒక్కో అర్జీ చదువుతున్నాడు. మొదటి సంఘం తీవ్ర ఇబ్బందులకు గురవుతోంది. రెండోదీ గురవుతోంది. మూడో అర్జీ దగ్గరికి వచ్చేసరికి కౌన్సిలర్లు గుమాస్తా కన్నా ముందే ఆ వాక్యం అందుకొని, చర్చిలో పాట పాడినట్టు కలిసి పూర్తిచేశారు.

అమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "అందరికీ ఒకటే ఇబ్బంది పెట్టినవ్ కదనే."

నాకు నవ్వు రాలేదు. ఆ కట్టలో ఒకే ఒక్క కాగితంలో ఆ వాక్యం నిజం, అదీ చివర్లో వస్తుంది. అప్పటికి దాన్ని నమ్మేవాళ్ళు గదిలో మిగలరు.

ముందు జిమ్ము సంఘం వంతు. అధ్యక్షుడు చొక్కా చేతులు బిగుతుగా కుట్టించుకొని వచ్చాడు. పెద్దమ్మ అడిగింది.

"తాళంచెయ్యి ఎవరి దగ్గరుంటది కొడుకా?"

"నా దగ్గరనే పెద్దమ్మా."

"నువ్వు ఏడుంటవ్?"

"హైదరాబాద్ల జాబు. ఐతారం ఐతారం వస్త."

"అయితే కండలు ఐతారమే పెరుగుతయన్నట్టు."

తర్వాత ఒక కులసంఘం. వాళ్ళ హాలు మీద పై అంతస్తు కట్టివ్వాలని అడిగారు. కింది అంతస్తు చాలడం లేదా అని మేడమ్ అడిగితే, "చాల్తది మేడమ్. తాళంచెయ్యి పోయింది. పైదానికైతే మెట్లు బయట్నుంచి పెట్టుకుంటం," అన్నాడు పెద్దమనిషి. ఎవరూ నవ్వలేదు. అది మా ఊళ్ళో పూర్తిగా అర్థమయ్యే కారణమే.

రిటైర్డు ఉద్యోగుల సంఘం అన్నిటికన్నా పద్ధతిగా వచ్చింది. మూడు తాళాలు, ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులు. ముగ్గురూ ఉంటేనే గది తెరుచుకుంటుంది.

"ముగ్గురు మాట్లాడుకుంటరా?" అంది పెద్దమ్మ.

"ప్రస్తుతానికి ఇద్దరం మాట్లాడుకుంటున్నం."

చివరికి మా అర్జీ. గుమాస్తా "తీవ్ర" అనగానే హాలంతా నవ్వింది. నేను నేల చూపులు చూశాను. అమ్మ లేచి నిలబడింది.

"తాళంచెయ్యి ఎవరి దగ్గరుంటది చెల్లె?"

"తాళంచెయ్యి ఎందుకు పెద్దమ్మా? మేం తలుపే అడగలే."

మా వార్డు కౌన్సిలర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "తలుపు లేకుంటెట్ల అక్కా? లోపలి సామాను పోదా?"

"సామానేముంటది సారూ, మేమే ఉంటం. మమ్ముల ఎవడన్న ఎత్తుకపోతే మాపటికి కూలిచ్చి దింపిపోవాలె."

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది. ఇంకేదో చెప్పబోతే అమ్మకు దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకొని చాలాసేపు దగ్గింది. ఆ దగ్గు నేను అర్జీలో రాయలేదు. నా రెండు పేజీల జిమ్ము అర్జీ కన్నా అది గట్టిగా వినిపించింది. చివరికి ఒక కౌన్సిలర్ ఫ్యాను తగ్గించమని చెప్పాడు. మా కౌన్సిల్ ఆ రోజు అందరూ కలిసి ఆమోదించిన మొదటి అంశం అదే.

ఇక ఎవరికెంత అనే తూకం. మా దగ్గర తూకమంటే ప్రసాదం పంచినట్టు తలా ఇంత పెట్టడమే. అప్పుడు ఏ వార్డూ అలగదు, ఏ పనీ పూర్తికాదు. మా వార్డు కౌన్సిలర్ అదే అన్నాడు. "అందరికి తలా ఇంత ఇద్దం మేడమ్. అడ్డాకు ఈ ఏడు స్తంభాలు లేపుదం. కప్పు సంగతి వచ్చే ఏడు చూద్దం."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వచ్చే ఏడు అంటే మధ్యలో ఒక వానాకాలం ఉంటుంది.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "స్తంభాల కింద నిలబడితే వాన ఆగుతదా తమ్మీ? ఒకపాలి నువ్వు నిలబడి చూపియ్యి, మేం చూస్తం."

షెడ్డుకు పూర్తిగా ఇవ్వాలని తేలింది. ధర్మం గెలిచిందని రాయాలని ఉంది కానీ, నిజంగా గెలిపించింది ఇంకొకటి. అడ్డా సరిగ్గా రెండు వార్డుల హద్దు మీద ఉంది. ఒకే పనికి ఇద్దరు కౌన్సిలర్లు శిలాఫలకం మీద పేర్లు చెక్కించుకోవచ్చు. అంత లాభసాటి షెడ్డు ఆ కట్టలో మరొకటి లేదు.

నెల తిరక్కుండానే ఇంజనీరు సారు ఎస్టిమేటు జిరాక్సుకు తెచ్చారు. చూస్తే అందులో ఇనుప గేటు ఒకటి, తాళం ఒకటి.

"సార్, వాళ్ళు తలుపు వద్దన్నరు కద."

"గేటు లేకుంటే అది షెడ్డు కిందికి రాదమ్మా, ఖాళీ జాగ కిందికి వస్తది. ఖాళీ జాగకు బిల్లు ఎట్ల చెయ్యాలె?"

ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ రొట్టె కొడుతూనే, "పెట్టుకోనీ. ముందుగాల కప్పు పడనీ," అంది. ఆ ఆదివారం మేము పోయే చర్చిలో కప్పు కోసం ప్రార్థన చేయించింది. గేటు ప్రస్తావన తేలేదు.

తొలకరికి ముందే కప్పు పడింది. గేటు పెట్టాలి కాబట్టి గోడలు, వాటికి కిటికీలు కూడా లేపి, లోపల నాపరాతి బండలు వేశారు. శిలాఫలకం మీద ఇద్దరు కౌన్సిలర్ల పేర్లూ ఒకే సైజులో వచ్చాయి. వాటిని టేపు పెట్టి కొలిచారని చెప్పేవాళ్ళున్నారు, నేను చూడలేదు. ప్రారంభం రోజు మేడమ్ గేటుకు కట్టిన రిబ్బను కత్తిరించి, పూలు పెట్టిన పళ్ళెంలోంచి తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టారు. అందరి కళ్ళూ దాని మీదికే పోయాయి. కొత్త షెడ్డును ఎవరూ చూడలేదు.

"అక్కా, నువ్వు పొద్దున పోతే మాపటికొస్తవ్. తాళంచెయ్యి మా ఆఫీసుల పెట్టు, ఫికర్ ఉండది," అన్నాడు మా వార్డు కౌన్సిలర్.

"సగం షెడ్డు మా వార్డుల ఉంది అన్నా," అన్నాడు రెండో వార్డు ఆయన.

పెద్దమ్మ వెనకాల నిలబడి ఉంది. అమ్మనే చూస్తోంది.

అమ్మ గేటును బార్లా తెరిచి, గోడకు ఆనించి, గేటు గొలుసును పక్కనున్న కిటికీ ఊచకు చుట్టి, తాళం అక్కడ వేసింది. అంటే గేటు ఇక మూతపడదు. తాళం తీస్తే తప్ప.

"గిదేంది అక్కా?"

"తాళం వేసిన సారూ. గేటు ఎవరన్న ఎత్తుకపోతే మళ్ళ మీకే పరేషాన్."

తాళంచెవి కొంగుకు ముడివేసుకుంది. పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియకపోయినా మిగతావాళ్ళూ కొట్టారు.

తర్వాతి సోమవారం పొద్దున ఆ ముడిలో తాళంచెవి లేదు. నిన్న కంది చేలో ఎక్కడో జారిపోయినట్టుందని అమ్మ అంది. నిన్న ఆదివారం. పొద్దున చర్చిలో, మధ్యాహ్నం నుంచి ఇంట్లో నా పక్కనే ఉంది. నేను అడగలేదు. మా ఊళ్ళో తాళంచెవి పోవడం వింత కాదు కాబట్టి ఇంకెవరూ అడగలేదు.

రెండు వార్డుల వాళ్ళూ వేరువేరుగా నా షాపుకు వచ్చి, ఆ తాళం పగలగొట్టి కొత్తది వేయించాలని అడ్డా సంఘం తరఫున అర్జీ రాసిపెట్టమన్నారు. రాసి అమ్మకు చూపించాను. ఆ రోజు ముసురు పట్టింది. అడ్డా ఆడవాళ్ళంతా బండల మీద కూర్చొని డబ్బాలు విప్పారు. ఇనుప దుకాణం సేటు కూడా అక్కడే ఒక మూలకు కూర్చొని టీ తాగుతున్నాడు. ఆయన మెట్లు తడిగా ఉన్నాయట.

అమ్మ పొడి కొంగుతో చేతులు తుడుచుకొని, కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "తీవ్ర ఇబ్బందులకు" దగ్గర వేలు ఆగింది.

"మాకేం ఇబ్బంది లేదు కదనే," అని కాగితం నాకు తిరిగిచ్చింది.

ఆ అర్జీ ఇంకా సంతకం లేకుండానే ఉంది. ఆ వాక్యం తీసేసి రాద్దామని ఒకటి రెండుసార్లు కూర్చున్నాను. అది తీసేస్తే అడగడానికి ఏమీ మిగలడం లేదు.