చంద్రుడి మీద మా మామకున్న అనుమానాలు

పోయిన నెల మా మామ పోయినాడు. మామ అంటే మా ఆయనకు నాయన. గిద్దలూరు బజారులో ఆ కబురు విన్నవాళ్ళు అయ్యో అనడానికి ముందు "నిజమేనా? ఎవరు చెప్పినారు?" అని అడిగినారంట. మా దుకాణం పక్కన ఉండే మందుల షాపాయన అయితే షట్టరు దించి ఉండడం కళ్ళారా చూసి గూడా, ఇంటిదాకా నడిచొచ్చి, వాకిట్లో చెప్పుల గుంపు చూసి, అప్పుడు నమ్మినాడు. బజారుకు ఈ అలవాటు నేర్పించింది మా మామే. ఉండి వినింటే మురిసిపోయేవాడు.

ఆయనది కిరాణా దుకాణం. నడిపినన్నాళ్ళూ ఏ బస్తానూ పైపైన చూసి కొన్న మనిషి కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దోపి, అడుగున ఉండే కందిపప్పు గుప్పెడు తీసి, అరచేతిలో పోసుకోని ఊది, రెండు బద్దలు నోట్లో వేసుకోని, ఆ తర్వాత ధర అడిగేవాడు. "పైన మంచివి అందరూ పోస్తారు" అనేవాడు. ధనియాలు నలిపి వాసన చూసేవాడు, బెల్లం గోటితో గీకి చూసేవాడు. వార్తలను గూడా అట్లనే గీకి చూసేవాడు. యర్రగొండపాలెంలో వాన పడిందని ఎవరన్నా చెబితే, అక్కడి నుంచి వచ్చిన బస్సు చక్రాలకు బురద ఉందో లేదో చూసి రమ్మనేవాడు. ఇదంతా నాకు ముచ్చటగానే ఉండేది. ఒక్క విషయంలో మాత్రం ఆయన అనుమానం నా ప్రాణం తీసింది. చంద్రుడి మీద మనిషి దిగినాడంటే ఆయన ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.

ఈ సంగతి నాకు పెళ్ళిచూపుల్లోనే తెలిసింది. మాది మార్కాపురం. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, బీఈడీ గూడా అయిపోయి ఇంట్లో ఉన్నాను. వంట వచ్చా, పాట వచ్చా అని అడిగితే ఏం చెప్పాలో మా అమ్మ నాకు బాగా నూరిపోసింది. మా మామ కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఫిజిక్సు చదివినావంట గదా తల్లీ. చంద్రుడి మీద మనిషి దిగినాడా?" అన్నాడు.

దిగినాడని చెప్పినాను.

"నీకెట్ల తెలుసు?"

పుస్తకంలో ఉందన్నాను.

"అట్లయితే నీకు తెలీదు. రాసినోడికి తెలుసు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళికూతుర్ని అనే సంగతి మరిచిపోయి, తల పైకెత్తి, రాకెట్టు దగ్గర మొదలుపెట్టినాను. మా అమ్మ వెనక నుంచి గిల్లుతా ఉంది. మా నాయన గడియారం చూసుకుంటా ఉన్నాడు. నేను చెప్పినంతసేపూ విని, ఆయన లేచి, పోయొస్తామని చెప్పి వెళ్ళిపోయినాడు. ఇంక ఈ సంబంధం గంగలో కలిసిందని మా ఇంట్లో ఆ పూట అన్నం గూడా సరిగ్గా తినలేదు. ఆయన బస్సులో కొడుకుతో చెప్పిన మాట నాకు పెళ్ళయినాక తెలిసింది. ఈ పిల్లనే చేసుకోరా, ఇంట్లో నాకు ఎదురు చెప్పే మనిషి ఒకరు ఉంటారు అన్నాడంట.

అసలు ఈయనకు ఈ పురుగు ఎందుకు పట్టిందో ఒకరోజు అడిగినాను. అప్పటికి ఆయన మీసం మొలిచే వయసు పిల్లోడు. హోటల్లో రేడియో పెట్టుంటే ఆ వార్త వచ్చిందంట. రేడియో చెప్పిందో లేదో, దోసెలు తినేవాళ్ళందరూ చేతులు గూడా కడుక్కోకుండా చప్పట్లు కొట్టినారంట. "ఇంతమందిలో ఒక్కడన్నా అడగాలి గదమ్మా, ఎవడూ అడగలేదని నేను అడిగినా" అన్నాడు. మా అత్త అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతా ఉంది. దిగితే దిగినారు, లేకుంటే లేదు, వాళ్ళు దిగినారని మనకేమన్నా చేట బరువు తగ్గిందా అనింది. ఆ ఇంట్లో ఆమెకు ఒక్కదానికే ఈ గొడవ పట్టలేదు.

నాకు మాత్రం పట్టింది. కొమరోలు హైస్కూల్లో ఉద్యోగం వచ్చి, వందలమంది పిల్లలకు ఆ పాఠం చెప్పి, ఇంటికొస్తే సొంత మామ "ఉత్తదే" అంటాడు. పంతం పట్టినాను. ఎప్పటికన్నా ఈయన నోటితోనే 'దిగినారు' అనిపించాలి. నేను సాయంత్రం బస్సు దిగి దుకాణం మీదుగానే ఇంటికి పోవాలి కాబట్టి, వాదన అక్కడే మొదలయ్యేది. చక్కెర అడిగినవాళ్ళు మేము చంద్రుడి దాకా పోయి వచ్చేదాకా నిలబడాల్సిందే.

ఒక్కటి చెప్పాలి. ఆయనది మొండితనం కాదు. ఓడిపోతే ఓడిపోయినానని పదిమందిలో చెప్పేవాడు. గాలి లేనిచోట జెండా ఎట్ల విప్పారిందని చాలా ఏళ్ళు సతాయించినాడు. పై అంచులో కడ్డీ దూర్చినారని చెప్పి, మా వాకిలి కర్టెను చూపించినాను. దాన్ని లాగి, ఊపి, పట్టుకోని చూసి, సరే, నా అనుమానాల్లో నుంచి జెండా తీసేయి అన్నాడు. ఫోటోల్లో నక్షత్రాలు ఏవని అడిగినాడు. పొద్దుగూకినాక ఆయన్నే మిద్దె మీద పెద్ద బల్బు కింద నిలబెట్టి ఫోన్లో ఫోటో తీసినాను. మామ తెల్లగా వచ్చినాడు, వెనక ఆకాశంలో ఒక్క చుక్క లేదు. తల పైకెత్తి చుక్కలు చూసినాడు, ఫోటో చూసినాడు, మళ్ళీ పైకి చూసినాడు. అదీ తీసేయమన్నాడు.

అడుగు ముద్ర దగ్గర చానా రోజులు ఆగినాం. తడి లేని నేలమీద అంత ఖచ్చితంగా బూటు అచ్చు ఎట్ల పడుతుందని ఆయన ప్రశ్న. ఇసుకలో పడదు, మన ఎర్రమట్టి దుమ్ములో పడదు, అంచులు జారిపోతాయి అని వేసి చూపించేవాడు. నా దగ్గర జవాబు ఉంది గాని, ఆయన పట్టుకోని చూసేదానికి వస్తువు లేదు. మార్కాపురంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి పోతా ఉంటే, పలకల ఫ్యాక్టరీల పక్కన ఆటో ఆపించినాను. రాయి కోసినప్పుడు రాలిన పొడి అక్కడ కుప్పలు కుప్పలుగా ఉంటుంది, ఎండకు ఎండి బూడిద మాదిరి. మామా, ఇందులో కాలు పెట్టండి అన్నాను. పట్టుపంచె పైకి ఎగ్గట్టి, కొత్త చెప్పుతో ఒక్క అడుగు వేసి తీసినాడు. చెప్పు కింద ఉండే గీతలు గూడా దిగినాయి. ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. అంచులు తాకినాడు, ఊదినాడు, ఇంకో అడుగు వేసినాడు. ఆ తర్వాత ఇంకో చోట వేసినాడు. మేము పోయేసరికి తాళికట్టడం అయిపోయింది. మోకాళ్ళ దాకా పొడి పూసుకోని వచ్చిన మొగుణ్ణి చూసి మా అత్త నెత్తి కొట్టుకునింది. ఆయనకు అవేమీ పట్టలేదు. భోజనాల బంతిలో కూర్చోని, అటు పక్కాయనకూ ఇటు పక్కాయనకూ, అడుగు సంగతిలో మా కోడలు నన్ను ఓడించింది అని చెప్పుకుంటా తిన్నాడు.

అన్నిట్లో నేనే గెలిచినానని అనుకోవద్దు. ఒకసారి మంచి దెబ్బ కొట్టినాననుకున్నాను. మీరు తూకంలో మోసం చేస్తే ఎదురు దుకాణమాయన ఊరుకుంటాడా, బజారంతా చాటడా? అట్లనే అమెరికావాళ్ళది అబద్ధమైతే రష్యావాళ్ళు ఊరుకునేవాళ్ళా అని అడిగినాను. మర్నాడు పొద్దున బస్సుకు పరిగెత్తుతా ఉంటే ఆపి, మెల్లగా చెప్పినాడు. "ఎదురు దుకాణమాయనా నేనూ కూడబలుక్కోని ధర పెట్టిన రోజులు గూడా ఉన్నాయమ్మా." ఆ పూట బస్సులో దారంతా నేను ఒక్కదాన్నే నవ్వుకుంటా పోయినాను.

మనవాళ్ళ యంత్రం చంద్రుడి మీద దిగిన సాయంత్రం మా స్కూలుకు వచ్చినాడు. పిల్లల మధ్యలో కుర్చీ వేయించుకోని టీవీ చూసినాడు. దిగగానే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఆయనే. ఇప్పుడెట్ల నమ్మినారు మామా అని అడిగితే, పోయినసారి పడిపోయిందని వాళ్ళే చెప్పినారు గదా, నష్టం వచ్చిందని చెప్పిన మనిషి లాభం వచ్చిందంటే నమ్మొచ్చు అన్నాడు. నేను వదల్లేదు. అమెరికావాళ్ళది గూడా ఒకటి దారిలో చెడిపోయి, దిగకుండానే వెనక్కి వచ్చింది, వాళ్ళే చెప్పుకున్నారు అన్నాను. ఆయన ముఖం మారింది. ఇన్నేళ్ళూ ఈ మాట నాకు ఎందుకు చెప్పలేదని నా మీదే కోప్పడినాడు. ఆ రోజుతో ఆయన దగ్గర ఒకే ఒక్క అనుమానం మిగిలింది. అన్నిసార్లు దిగొచ్చినవాళ్ళు, అంత పాత కాలంలోనే పోగలిగినవాళ్ళు, ఇన్నేళ్ళుగా మళ్ళీ మనిషిని ఎందుకు దించలేదు? దారి మరిచిపోయినారా? ఖర్చు అని చెప్పినాను, అవసరం తీరిందని చెప్పినాను. ఏదీ ఆయనకు ఎక్కలేదు.

మా అత్త అంతకు ముందే పోయింది. ఆ తర్వాత ఆయన ఆరోగ్యం గూడా తగ్గుతా వచ్చి, ఈ ఏడాది మంచాన పడినాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినాం, ఇంక చేసేది లేదన్నారు. ఒక సాయంత్రం పక్కన కూర్చోని ఉన్నాను. చంద్రుడి మాట ఎత్తినాడు. గొంతు సరిగ్గా రావడం లేదు, మాటమాటకూ ఆయాసం. ఈ మనిషితో ఇప్పుడేం వాదన అనిపించి, మీరు చెప్పిందే నిజమేమో మామా, దిగలేదేమోలే అన్నాను.

ఆయన గోడవైపు తిరిగినాడు. అటువైపే చూస్తా, "నేనెప్పుడన్నా నిన్ను కొసరు అడిగినానా?" అన్నాడు. తూకం అయినాక దుకాణదారు దయతలచి పిడికెడు ఎక్కువ వేస్తాడే, ఆ కొసరు. "పోయేవాణ్ణి గదా అని కొసరు వేస్తావా నాకు? వద్దు. సరిగ్గా తూచు."

సిగ్గుతో చచ్చిపోయినాను. మర్నాడు స్కూల్లో పాఠం చెబుతున్నానన్నమాటే గాని నా బుద్ధంతా ఆ చివరి అనుమానం మీదే ఉంది. సాయంత్రం నేరుగా ఆయన మంచం దగ్గరికి పోయి, బ్యాగు గూడా దించకుండా, ఒక మాట అడుగుతా చెప్పండి అన్నాను. పెళ్ళయిన కొత్తలో మీరూ అత్తా దోర్నాల అడవిదారిన నడుచుకుంటా శ్రీశైలం పోయినారు గదా, ఎట్ల పోయినారు?

ఆయన కళ్ళు వెలిగినాయి. శివరాత్రికి పోయినాం, రెండేళ్ళు వరసగా పోయినాం అని చెప్పినాడు. చెంచు పెద్దాయన ఒకాయన దారి చూపించినాడు, ఆకులో తేనె పట్టి ఇచ్చినాడు, మీ అత్త చెప్పు తెగితే నా చెప్పులు వేసుకోని నడిచింది అని చెప్పినాడు. అంత ఆయాసంలో గూడా వదలకుండా అంతా చెప్పినాడు.

మళ్ళీ ఎందుకు నడిచి పోలేదని అడిగినాను.

దుకాణం పెట్టినాం, పిల్లలు పుట్టినారు, బస్సులు పడినాయి అన్నాడు. ప్రతి ఏడూ పోదామనే అనుకునేవాళ్ళంట. ఆమె కడదాకా అడిగిందంట. చెబుతా చెబుతా ఆగిపోయినాడు. నా ముఖంలోకి చూసినాడు. ఆయనకు అర్థమైంది. ఆ నడకకు ఫోటో లేదు, చూసినవాళ్ళు లేరు, తోడు నడిచిన మనిషి లేదు.

"పోయినాం తల్లీ" అన్నాడు చివరికి. "మళ్ళీ పోలేదు గాని, పోయినాం." కళ్ళు మూసుకోని, "వాళ్ళూ దిగినారులే" అన్నాడు.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. నాకు గెలిచినట్టే అనిపించలేదు. దుఃఖం పొంగుకొచ్చింది. ఇంక రేపటి నుంచి సాయంత్రం బస్సు దిగి ఈయనతో ఏం మాట్లాడాలి అనుకోని, కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినాను. ఆయన కళ్ళు తెరిచి చూసి, నా చెయ్యి మీద చెయ్యి వేసినాడు.

"అది సరేగాని, భూమి గుండ్రంగా ఉందంటారే, నాకు మొదటి నుంచీ దాని మీద గూడా అనుమానమే. రేపు రా, చూద్దాం" అన్నాడు.

ఆ భూమి సంగతి మాకు తేలనేలేదు, తేల్చకుండానే పోయినాడు. కానీ ఆ మర్నాడు నేను కొమరోలులో బస్సెక్కే ముందు ఒక మంచి బత్తాయి పండు ఏరి కొన్నాను. ఇంట్లో టార్చిలైటు వెతికి పట్టుకోని, ఆయన గదిలోకి పోయినాను. ముందురోజు పక్క మీద నుంచి లేవలేని మనిషి, దిండ్లకు ఆనుకోని కూర్చోనున్నాడు. ఉతికిన చొక్కా వేయించుకోని, తల దువ్వించుకోని, కళ్ళద్దాలు పెట్టుకోని, తలుపు వైపే చూస్తా ఉన్నాడు.