మేం మామూలోళ్ళం, మాకు వంతెన కావాల

మా చిన్నాయన ప్రభువునందు నిద్రించారని చర్చి వాట్సాప్ గ్రూపులో చూసేసరికి, నేను కోవూరులో బడి వదిలి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ మెసేజీ ఆయనే చూసి ఉంటే, "నిద్ర ఏంది మే, అలిసిపోయి పడుకున్నా" అనేవాడు. నాకు ఏడుపు రాలేదు. కాలవలో నీళ్ళు ఏ మాత్రం ఉన్నాయో అన్నదే ముందు తోచింది.

మాది తోటపల్లి గూడూరు దాటాక సముద్రం పక్క ఊరు. ఊరికీ సమాధుల తోటకీ మధ్య ఉప్పుకాలవ ఉంది. దాని మీది వంతెన ఎప్పుడో వరదకు పోయింది, చుట్టుదారి రొయ్యల గుంటల్లో కలిసిపోయింది. పిన్నమ్మ పోయినప్పుడు పెట్టెను నీళ్ళలోనే దాటించారు. మోసేవాళ్ళలో ఒకరికి కాలు జారి పెట్టె ఒక పక్కకు మునిగింది. "దానికి నీళ్ళంటే భయం మే" అని చిన్నాయన ఆ రోజంతా అదే మాట. ఆ తర్వాత ఆయనకు మిగిలిన కోరిక ఆ కాలవ మీద వంతెన ఒక్కటే.

చిన్నాయన వయసులో ఉన్నన్నాళ్ళూ ఓడల్లో వంట చేశాడు. అక్కడ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒకాయనతో స్నేహం కుదిరింది. ఎండుచేపలు వేయిస్తుంటే మిగతావాళ్ళంతా ముక్కు మూసుకుని పోతే, ఆయనొక్కడే పళ్ళెం పట్టుకుని వచ్చాడట. "మనోడే అనుకున్నా" అనేవాడు చిన్నాయన. ఆ స్నేహితుడు కవి. డెక్కు మీద కూర్చుని తన దేశం గురించి పద్యాలు కట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేవాడట. చిన్నాయన వాటిని తన తెలుగులోకి మార్చి కంఠతా పట్టాడు.

*రాజొకడు మా మొహం చూడకనే*
*మా దేశానికి పేరు పెట్టినాడు.*
*ఇంకొకడొచ్చి బడి పెట్టి*
*మా నోట్లో వాడి మాట పెట్టినాడు.*
*ఆఖర్న మావోడే వచ్చినాడు,*
*అదే కుర్చీలో కూర్చున్నాడు,*
*అట్టనే మమ్మల్ని నిలబెట్టినాడు.*

మా ఇంట్లో అందరివీ బైబిలు పేర్లే, దొరలు వచ్చి వెళ్ళాక మిగిలినవి. ఆ స్నేహితుడిదేమో స్పెయినువాళ్ళు ఇచ్చిపోయిన ఇంటిపేరు. ఎవరూ రాకుండా ఉంటే మన పేర్లేమై ఉండేవని ఇద్దరూ ఒకరినొకరు అడిగేవాళ్ళట. "ఏం తేల్చారు చిన్నాయనా?" అంటే, "ఏం తేలద్ది మే, కూర మాడిపోయింది" అనేవాడు.

పిన్నమ్మ పోయాక ఈ పద్యాలు గుడికెక్కాయి. మా గుడిలో, అంటే చర్చిలో, ఆదివారం సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో లేచి దేవుడికి స్తోత్రం చెప్తారు. చిన్నాయన లేచి ఫిలిప్పీన్స్ పద్యం అందుకునేవాడు. పాస్టరు అయ్యగారు గొంతు సవరించేవారు, గడియారం చూసేవారు, చివరికి "బ్రదర్, ఇది దేవుని మందిరం" అనేవారు. "దేవుడికి కాకపోతే ఎవరికి చెప్పుకోమంటారయ్యగారూ?" అని కూర్చునేవాడు.

ఆడవాళ్ళకు మాత్రం ఆ పద్యాలంటే ఇష్టం. మా వెనకింటి ముసలమ్మ ఒకసారి, "ఆ ఊరు యాడుంది అబ్బయా, మైపాడు దాటినాకనా? ఆళ్ళకీ మన పంచాయితీయేనా?" అని అడిగింది. చిన్నాయన నవ్వలేదు. "అవునత్తా, మన పంచాయితీయే" అన్నాడు.

గ్రామసభకు ఒక ఆఫీసరు వచ్చినప్పుడు ఆయన వంతెన పద్యం చెప్పాడు.

*రిబ్బను కోసినారు, ఫోటోలు తీసుకున్నారు,*
*వంతెన మాత్రం రాలేదు.*
*నీళ్ళ మీద నడిచింది ప్రభువొక్కడే.*
*మేం మామూలోళ్ళం,*
*మాకు వంతెన కావాల.*

ఆఫీసరుకు కోపం వచ్చింది. "ఏం పెద్దాయనా, మమ్మల్నే తిడతా ఉండావా?"

"అయ్యో, మిమ్మల్ని కాదు సార్. అది ఫిలిప్పీన్స్‌లో."

సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వుకు సిగ్గుపడో ఏమో, ఎన్నికల ముందు శంకుస్థాపన చేశారు. కాలవ అవతలి గట్టున సిమెంటు దిమ్మె కట్టి, నల్లరాతి పలక మీద పెద్దల పేర్లన్నీ చెక్కించారు. చిన్నాయన కొత్త చొక్కా వేసుకుని కాలవ దాటి వెళ్ళి రిబ్బను కోయడం చూసి వచ్చాడు. ఆ తర్వాత ఇటుక ముక్క కూడా రాలేదు. ఎన్నికలూ అయిపోయాయి, ఆ పేర్లలో సగం మంది దిగిపోయారు, కొత్తవాళ్ళు అది తమ పని కాదన్నారు. ఆఖరి రోజుల్లో ఆయన గుడిలో లేవడం మానేశాడు. నేను పద్యం చెప్పమంటే, "ఇంకేం చెప్తాం మే, చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టింది" అన్నాడు. నాకు ఆయన చావు కన్నా ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. ఇప్పటికీ పెడుతోంది.

భూస్థాపన నాడు ఆటు పోటు చూసుకుని బయలుదేరాం. అయినా నీళ్ళు మోకాళ్ళ పైదాకా ఉన్నాయి. చీరలూ పంచెలూ ఎగ్గట్టి అందరం దిగాం. నడిమధ్యకు వచ్చేసరికి మోసేవాళ్ళు బురదలో దిగబడి పెట్టె అడుగు నీళ్ళలో మునిగింది. కాళ్ళు తీయడానికే ఊపిరి చాలక, పాడుతున్న కీర్తన ఆగిపోయింది. ప్యాంటు తడిసి, బైబిలు నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తున్న అయ్యగారు, వెనక్కి తిరగకుండానే అన్నారు: "నీళ్ళ మీద నడిచింది ప్రభువొక్కడే."

పెట్టె మోసేవాళ్ళు, ఆయాసపడుతూనే, "మేం మామూలోళ్ళం" అన్నారు. వెనక నుంచి ఆడవాళ్ళం మిగతాది అందుకున్నాం. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

గట్టెక్కాక భుజాలు మార్చుకోవడానికి పెట్టెను ఎక్కడైనా దించాలి. చుట్టూ అంతా బురద. ఆ దిమ్మె ఒక్కటే పొడిగా ఉంది. చిన్నాయనను దాని మీద పెట్టారు. పెట్టె అడుగు నుంచి ఉప్పునీళ్ళు ఆ నల్లరాయి మీదికి, ఒక్కొక్క పేరు మీదుగా, కారుతూ ఉన్నాయి.