జిగురులో నీళ్ళు ఎక్కువ కాలేదు

నలభై ఏళ్ళకి పైగా ఒక విషయం లోపల దాచుకున్నాను. చెబితే మీకు నవ్వొస్తుంది. నాకూ వస్తుంది, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళు ఎందుకు బరువైంది? చిన్నది కాదని నాకు ముందునుంచీ తెలుసు కాబట్టేమో.

మాది రాజమండ్రి. డెబ్బైల చివర్లో మా ఆయనకి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. స్పీకరు పెట్టె పక్కలు తిన్నగా ఉంటే శబ్దం లోపల కొట్టుకుని గందరగోళమవుతుందనీ, వంపు తిరిగి ఉంటే పాట నిండుగా వస్తుందనీ ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాడు. ఇక చూడాలి! పాలవాడి లెక్క రాసే కాగితాల వెనక కూడా వంపులే. మరి చెక్కని వంచేదెవరు? నూకరాజు. గోదారొడ్డున పడవలు కట్టే వడ్రంగి, చేపలు పట్టేవాళ్ళ కుటుంబం, మా ఆయనతో ఐదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. అన్నదమ్ములు లేని నాకు ఆ పిలుపు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఇద్దరూ మా వసారాలో పని మొదలుపెట్టారు. పల్చటి ప్లైవుడ్ పలకలు నాలుగు, ఒక్కోదాని మధ్య జిగురు రాసి, వంపుగా చెక్కిన దిమ్మ మీద పరిచి, తాళ్ళతో కట్టి, అవి ఇంకా బిగుసుకునేలా తాళ్ళ కింద సందుల్లో కొయ్యమేకులు దిగ్గొట్టారు. జిగురు పొడిని నీళ్ళలో కలిపింది నూకరాజే. "రేపు పొద్దున్నదాకా ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి వెళ్ళారు.

నేను ముట్టుకున్నాను.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. చెక్క నిజంగా వంగిందా? చూడాలనిపించింది, అంతే. కోపం లేదు, అసూయ లేదు. వాళ్ళిద్దరి సంబరం నాకూ అంటుకుంది, రేపటిదాకా ఆగలేకపోయాను. మేకులు లాగి తాడు వదులు చేశానో లేదో, పలకలు టప్పున లేచి విచ్చుకున్నాయి. మోకాలితో అదిమి, తాడు చుట్టి, పచ్చడి బండతో మేకులు మళ్ళీ దిగ్గొట్టాను. చీర కుచ్చిళ్ళకి జిగురు అంటుకుంది. ఆ చీర నానబెట్టేశాను.

మర్నాడు విప్పితే మధ్యలో వేలు దూరేంత సందు.

"నీళ్ళెక్కువ పోశావురా" అన్నాడు మా ఆయన.

నూకరాజు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "అయ్యుంటుందిరా. నా చెయ్యే తప్పింది." తర్వాత నాకేసి చూసి నవ్వాడు. "పలకలన్నీ పాడుచేశాను చెల్లెమ్మా."

నేను కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను.

రెండోసారి జిగురు మా ఆయన కలిపాడు, నేను వసారా గడప దాటలేదు. అబ్బ, ఎంత అందంగా కుదిరాయండీ ఆ పెట్టెలు! నిండు చూలాలి పొట్టలా గుండ్రంగా ఉన్నాయి. మొదట రేడియో పెడితే పాట కాదు, వరికి పట్టే పురుగు గురించి వ్యవసాయ కార్యక్రమం వస్తోంది. ఆ పురుగు పేరు కూడా మంగళవాద్యంలా మోగింది! వీధంతా వసారాలోకి వచ్చేసింది. నూకరాజు పెట్టె మీద అరచెయ్యి పెట్టి, "ఒరేయ్, లోపల గోదారి కదుల్తోందిరా" అని ఎగిరి గంతేశాడు. నేనూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అంత సంతోషంలో చెప్పేస్తే ఏమయ్యేది? అందరూ ఇంకాస్త నవ్వేవాళ్ళు. చెప్పలేదు.

తర్వాత చాలామంది అలాంటి పెట్టెలు చేయించుకున్నారు. వంపులన్నీ నూకరాజువే. జిగురు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ఆపి, సైకిలేసుకుని మా ఆయన కోసం వచ్చేవాడు. "దాని జోలికి నన్ను రానివ్వకురా" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు నిజమైనదే. కానీ పడవ మొత్తాన్ని కంటిచూపుతో కొలవగల మనిషి ఒక గిన్నెడు జిగురు కలపడానికి జంకేవాడు. ఆ జంకు పెట్టింది నేను.

నూకరాజు పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మా ఆయన మనవలకి నీళ్ళ జిగురు కథ చెప్పి పకపకా నవ్వుతుంటే నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. "జిగురు మంచిదేనండీ. నేనే విప్పాను."

ఆయన నవ్వు ఆపాడు.

"వాడికి చెప్పాల్సింది" అన్నాడు. అంతే అన్నాడు.

నిజమే. చెప్పాల్సింది. వినాల్సినవాడు లేడు కనక మీకు చెబుతున్నాను. క్షమించమని అడగడానికి కాదు, అది మీ చేతుల్లోది కాదు కదా. కాకపోతే ఆవేళ ఆయన లేచి వెళ్ళిపోయాక, పిల్లలు నా చుట్టూ మూగి "ఎలా విప్పావు మామ్మా, చూపించు" అని గోల చేశారు. నడుం నొప్పి మర్చిపోయి నేల మీద మోకాలు వేసి మరీ చూపించాను.