కాగితంలో లేని నవ్వు

2015 ప్రాంతంలో, న్యూజిలాండ్‌లోని మనురేవాలో మావాళ్ళు ఉగాదికి ఒక హాస్య నాటిక వేశారు. పుట్టుచెవుడు ఉన్న మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. తనూ, తన బడిలోని తనలాంటి మరో నలుగురు పిల్లలూ నాటిక చూడాలని, మాటల్ని సైన్ లాంగ్వేజ్‌లో చెప్పే ఒక అక్కడి కివీ ఆవిడను పిలిపించాం. ఆవిడ మీద నాకు మొదటి రోజు నుంచే నమ్మకం లేదు.

తెలుగు ముక్క రాని మనిషి తెలుగు నాటికను ఎలా చెబుతుంది? అందుకని మాటలన్నీ నేనే ఇంగ్లీషులో రాసిచ్చాను. స్టేజీ పక్కన ఆవిడ నిలబడేది, ఎదురుగా కింద నేను కూర్చునేదాన్ని. కాగితం చూసి నేను మెల్లగా చెబుతుంటే ఆవిడ చేతులతో చెప్పాలి. రిహార్సల్లో నేను రెండు ముక్కలంటే ఆవిడ చేతులు అరనిమిషం ఆడేవి. సొంత కవిత్వం కలుపుతోందని నా అనుమానం. ఇంట్లో మాట్లాడేపాటి సైన్ నాకూ వచ్చు కాబట్టి కన్నార్పకుండా చూసేదాన్ని. ఒక్క తప్పూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"మీరిచ్చింది మొత్తం స్క్రిప్టేనా?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

మొత్తమే అన్నాను. నన్నడగడానికి ఈవిడెవరని ఒళ్ళు మండింది.

నిజానికి మొత్తం కాదు. నాటికలో ఒక చెవిటి మామగారు ఉన్నాడు. కోడలు ఆయనకు కాఫీ అందిస్తూ, చిరునవ్వు చెరగకుండా, "తాగి చావు, ముసలి పీనుగా" అంటుంది. ఆయన సంతోషంగా తలూపుతాడు. మన నాటకాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న హాస్యమే, చిన్నప్పుడు నేనూ పడీపడీ నవ్వినదాన్నే. అది తీసేయమని డైరెక్టర్ అంకుల్‌ని అడిగాను.

"జనం నవ్వేదే అక్కడమ్మా. అది తీసేస్తే ఇంకేం మిగులుద్ది?" అన్నారాయన.

నాటికలో ఉంచారు, నా కాగితంలోంచి నేను తీసేశాను. పిల్లకు తెలియకపోతే చాలనుకున్నాను.

నాటిక రోజు ఆ ఘట్టం రాగానే నేను నోరు మూసుకున్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. హాలంతా గొల్లుమని నవ్వింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఐదుగురు పిల్లలూ వెనక్కి తిరిగి జనాన్ని చూశారు. ఆవిడ నా వైపు చూసి, పిల్లలకు చెప్పింది: "వాళ్ళు నవ్వుతున్నారు. ఎందుకో నాకు చెప్పలేదు." ఆవిడ మీద కోపం ముంచుకొచ్చింది. ఆవిడ తన పని చేసింది, అంతే.

నాటిక అయ్యాక కారు స్టార్ట్ చేయబోతుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. అందరూ నవ్వినచోట ఏమన్నారో చెప్పమంది. సిగ్గుగా ఉన్నా, పీనుగతో సహా చేతులతో చెప్పాను. తను ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఇంటికొచ్చే ఆంటీలు నాకు స్వీట్ ఇస్తూ నవ్వుతారు కదమ్మా. అప్పుడు ఏమంటారు?"

"పాపం, దీని పెళ్ళెట్టా అవుద్దో" అంటారు. ఎన్నిసార్లు విన్నానో.

తనకు మాత్రం మంచి మాటలే అని చెప్పాను. తను నా చేతుల్ని చూడడం మానేసి, నా మొహం చూస్తూ కూర్చుంది.